దాచిన పిల్లలు – మారిన పేర్లు
యూదు పిల్లల బతుకు గురించి యుద్ధం తర్వాతి పాఠాలు

యూదు పిల్లలు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చే పేరు ఆన్ ఫ్రాంక్. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక భవనం వెనుక భాగంలో తల్లిదండ్రులతో, అక్కతో కలిసి రెండేళ్లు దాక్కుంది. 1944 ఆగస్టు 4న పట్టుబడింది. 1945 మొదట్లో బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరంలో చనిపోయింది. అప్పటికి ఆమె వయసు పదిహేనేళ్లు. చనిపోయిన ఆ పిల్ల గురించి ప్రపంచమంతా తెలుసు. మరి బతికిన పిల్లల సంగతేమిటి? వాళ్లను ఎవరు బతికించారు? యుద్ధం అయిపోయాక వాళ్లేమయ్యారు?

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. ప్రాణం కాపాడటం ఒక పని. కాపాడిన మనిషికి తన పేరు, తన జనం, తన కథ తిరిగి ఇవ్వటం ఇంకో పని. యూరప్‌లో మొదటి పనికి పూనుకున్నవాళ్లు కొద్దిమందైనా దొరికారు. రెండో పనికి ఆ సమాజాలు చాలాకాలం సిద్ధపడలేదు. ఈ వ్యాసంలో ముఖ్యంగా చర్చించేది ఆ రెండో పని గురించే.

పుట్టుకే నేరం

నాజీల లెక్కలో యూదుడు కావటం అనేది నమ్మకానికి సంబంధించింది కాదు, పుట్టుకకు సంబంధించింది. 1935 నాటి న్యూరెంబర్గ్ చట్టాల ప్రకారం తాత, నాయనమ్మ, అమ్మమ్మల మతాన్ని బట్టి మనిషి ఎవరో తేల్చేవాళ్లు. ఆ మనిషి చర్చికి పోతున్నాడా, దేవుణ్ణే నమ్మటం లేదా అనేది వాళ్లకు అక్కర్లేదు. పుట్టుకే నేరమైనప్పుడు ఉయ్యాల్లో బిడ్డ కూడా నేరస్తుడే. పైగా చిన్నపిల్లలు శిబిరాల్లో వెట్టిచాకిరీకి పనికిరారు. అందుకే ఆష్విట్జ్‌లో రైలు దిగిన పిల్లల్ని, చంకన బిడ్డ ఉన్న తల్లుల్ని చాలావరకు నేరుగా గ్యాస్ గదులకే తోలారు. నాజీలు చంపిన సుమారు 60 లక్షల మంది యూదుల్లో పిల్లలే దాదాపు 15 లక్షల మంది.

బతికినవాళ్లు ముఖ్యంగా మూడు దారుల్లో బతికారు. మొదటిది, యుద్ధానికి ముందే దేశం దాటడం. 1938 నవంబర్ 9, 10 తేదీల్లో జర్మనీ అంతటా యూదుల ఇళ్లు, దుకాణాలు, ప్రార్థనాలయాల మీద దాడులు జరిగాక, బ్రిటన్ సుమారు 10,000 మంది పిల్లల్ని రానిచ్చింది. పిల్లల్ని మాత్రమే. తల్లిదండ్రులు రైల్వే స్టేషన్లోనే ఆగిపోయారు. చాలామందికి అదే చివరి చూపు అయింది. 1939లో అమెరికాలో 20,000 మంది పిల్లల్ని తీసుకుందామని ఒక బిల్లు పెట్టారు. అది చట్టసభ గడప దాటలేదు. పిల్లల మీద జాలికి కూడా ఆ రోజుల్లో కోటా ఉండేదన్నమాట.

రెండో దారి, శిబిరాల్లోనే ఎట్లాగో ప్రాణం నిలుపుకోవటం. 1945 ఏప్రిల్‌లో బుఖెన్‌వాల్డ్ శిబిరం విముక్తమైనప్పుడు అక్కడ సుమారు 900 మంది బాలురు సజీవంగా దొరికారు. మూడో దారి, దాక్కోవటం. ఈ మూడోరకం వాళ్లనే ‘దాచిన పిల్లలు’ అంటారు.

దాచటం ఎట్లా జరిగింది

దాచటం అంటే అటక మీదో, నేలమాళిగలోనో కూర్చోబెట్టటం ఒక్కటే కాదు. చాలామంది పిల్లలు అందరి కళ్లెదుటే దాగారు. రైతుల ఇళ్లలో, కాన్వెంట్లలో, క్రైస్తవ అనాథాశ్రమాల్లో వేరే పిల్లలుగా పెరిగారు. అట్లా దాగాలంటే ముందు పేరు మార్చాలి. తర్వాత భాష మార్చాలి. యిద్దిష్ యాస నోట్లో ఉంటే ప్రమాదం. పరలోక ప్రార్థన తడుముకోకుండా చెప్పగలగాలి. సిలువ గుర్తు ఏ చేత్తో, ఎటునుంచి ఎటు వేసుకోవాలో తెలియాలి. మగపిల్లలకు ఇంకో భయం, సున్తీ. ఒళ్లే సాక్ష్యం చెబుతుంది కాబట్టి వాళ్లు తోటిపిల్లలతో కలిసి స్నానానికి కూడా పోలేరు. అయిదేళ్ల పిల్లకు నేర్పిన మొదటి పాఠం ఏమిటంటే, “నీ పేరు ఎవరికీ చెప్పకు. చెబితే అందరం చస్తాం.”

ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది చూద్దాం. నాజీలు 1942 నుంచి అక్కడి ఒక నాటకశాలలో యూదుల్ని పోగుచేసి శిబిరాలకు పంపేవాళ్లు. పెద్దల్ని ఆ హాల్లో ఉంచి, చిన్నపిల్లల్ని ఎదురుగా ఉన్న శిశువిహారంలో ఉంచేవాళ్లు. ఆ శిశువిహారం నడిపిన హెన్రియెట్ పిమెంటెల్, నాటకశాల నిర్వాహకుడిగా ఉన్న వాల్టర్ జూస్కింట్ ఇద్దరూ యూదులే. పక్కనే ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఉంది. దాని అధిపతి యోహాన్ వాన్ హుల్స్ట్ క్రైస్తవుడు. జూస్కింట్ చిట్టాలోంచి పిల్లల పేర్లు మాయం చేసేవాడు. పిల్లల్ని పెరటి కంచె మీదుగా కళాశాలలోకి అందించేవాళ్లు. ట్రాము వచ్చి ఆగినప్పుడు ఎదుటి కాపలా వాళ్లకు ఇటువైపు కనపడదు. ఆ కాసేపట్లో సంచుల్లో, బుట్టల్లో పిల్లల్ని బయటికి చేరవేసేవాళ్లు. విద్యార్థుల రహస్య బృందాలు వాళ్లను దూరపు ఊళ్లకు తీసుకుపోయాయి. ఇట్లా సుమారు 600 మంది బతికారు. పిమెంటెల్‌ను 1943లో ఆష్విట్జ్‌లో చంపారు. జూస్కింట్ కూడా యుద్ధం ముగింపు చూడలేదు. యూదులు గొర్రెల్లాగా వెళ్లి చచ్చారని తేలిగ్గా అనేవాళ్లు ఈ ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోవాలి.

వార్సాలో ఇంకో రకం. 1940 నవంబర్‌లో అక్కడి ఘెట్టోను, అంటే యూదుల వెలివాడను, గోడకట్టి మూసేశారు. పోలండ్‌లో యూదులకు ఆశ్రయమిస్తే మరణశిక్ష. నగర సంక్షేమ శాఖలో పనిచేసే ఇరేనా సెండ్లర్, ఆమె తోటివాళ్లు, తర్వాత ‘జెగోటా’ అనే రహస్య సంఘం కలిసి వందల మంది పిల్లల్ని కాపాడారు. సెండ్లర్ చేసిన ఒక పని మనకు ముఖ్యం. ప్రతి బిడ్డ అసలు పేరు, కొత్త పేరు, పంపిన చోటు సన్నటి కాగితం ముక్కల మీద రాసి, గాజుసీసాల్లో పెట్టి నేలలో పాతిపెట్టింది. ఆ కాగితం దొరికితే ప్రాణాలు పోతాయి. అయినా రాసింది. ఎందుకంటే బిడ్డ ప్రాణం ఒక్కటే దక్కితే చాలదని, రేపు ఎవరి బిడ్డో చెప్పటానికి ఆధారం ఉండాలని ఆమెకు తెలుసు. యుద్ధం అయ్యేసరికి ఆ తల్లిదండ్రుల్లో అత్యధికులు ట్రెబ్లింకాలో బూడిదైపోయారు. ఆ పేర్లు మాత్రం మిగిలాయి.

ఒక పిల్లవాడి అయిదు పేర్లు

పేరు మారితే లోపల ఏం మారుతుంది? దీనికి ఒక ఉదాహరణ చరిత్రకారుడు సాల్ ఫ్రీడ్‌లాండర్. 1932లో ప్రాగ్‌లో పుట్టాడు. అప్పుడు పావెల్. నాజీలు ప్రాగ్‌ను ఆక్రమించాక కుటుంబం ఫ్రాన్స్ పారిపోయింది. అక్కడ పాల్. 1942లో ఫ్రాన్స్‌లో కూడా యూదుల వేట మొదలైతే, తల్లిదండ్రులు అతన్ని మోంట్లుసోన్ అనే ఊళ్లో కాథలిక్ బడిలో దాచారు. అక్కడ పాల్-హెన్రీ ఫెర్లాండ్ అయ్యాడు. తల్లిదండ్రులు స్విట్జర్లాండ్ సరిహద్దు దాటబోయారు. ఆ రోజుల్లో చిన్నపిల్లలున్న కుటుంబాల్ని స్విస్ పోలీసులు రానిస్తున్నారు. వీళ్లు పిల్లవాణ్ణి వెనక దాచివచ్చారు. అందుకే తిప్పి పంపేశారు. ఇద్దరూ ఆష్విట్జ్‌లో చనిపోయారు. బిడ్డను కాపాడటానికి చేసిన పనే వాళ్లకు దారి మూసింది.

పిల్లవాడు మాత్రం నిజంగానే కాథలిక్ అయ్యాడు. జెస్యూట్ గురువు కావాలనుకున్నాడు. యుద్ధం అయ్యాక, 1946లో, ఒక జెస్యూట్ ఫాదరే అతన్ని కూర్చోబెట్టి ఆష్విట్జ్ అంటే ఏమిటో, అతని జనానికి ఏం జరిగిందో చెప్పాడు. తమ మతంలో కలిసిపోతున్న పిల్లవాణ్ణి కలుపుకోకుండా, నువ్వెవరో తెలుసుకో అని చెప్పిన ఆ గురువు చేసింది చిన్న పని కాదు. 1948లో ఆ కుర్రవాడు ఇజ్రాయెల్ వెళ్లాడు. షౌల్ అయ్యాడు. తర్వాత సాల్. నాజీల కాలం మీద ఆయన రాసిన చరిత్రకు 2008లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

బిడ్డ ఎవరిది?

అందరికీ అట్లాంటి గురువు దొరకలేదు. నెదర్లాండ్స్‌లో యుద్ధానికి ముందున్న దాదాపు 1,40,000 మంది యూదుల్లో లక్షకు పైగా చనిపోయారు. దాచిన పిల్లల్లో సుమారు 2,000 మంది అనాథలుగా మిగిలారు. 1945 ఆగస్టులో ప్రభుత్వం ఒక చట్టం చేసింది. నెలరోజుల్లోగా వచ్చి అడగని తల్లిదండ్రులు బిడ్డ మీద హక్కు కోల్పోతారని అందులో ఉంది. శిబిరాల నుంచి ఎముకల గూడుగా తిరిగొస్తున్నవాళ్లకు నెలరోజులు గడువు! పిల్లల భవిష్యత్తు తేల్చే కమిటీలో మెజారిటీ యూదేతరులు. వాళ్లలో పిల్లల్ని ప్రాణాలకు తెగించి కాపాడినవాళ్లే ఉన్నారు. బిడ్డ క్షేమమే మాకు ముఖ్యం అన్నారు. బిడ్డ క్షేమంలో దాని జనం భాగం కాదా అని యూదు సభ్యులు అడిగారు. 1946లో వాళ్లు కమిటీకి దూరం జరిగారు. కాపాడినవాళ్లే హక్కుదారులమని అనుకోవటం ఇక్కడే మొదలైంది.

ఫ్రాన్స్‌లో ఫినాలీ అన్నదమ్ముల కేసు ఇంకా ప్రసిద్ధం. రాబర్ట్ 1941లో, జెరాల్డ్ 1942లో పుట్టారు. 1944లో తల్లిదండ్రుల్ని పట్టుకుపోయాక, గ్రెనోబుల్‌లో శిశువిహారం నడిపే ఆంటోయినెట్ బ్రన్ వాళ్లను కాపాడింది. 1945 నుంచే మేనత్తలు పిల్లల్ని ఇమ్మని అడుగుతున్నారు. ఆమె ఇవ్వలేదు. 1948లో పిల్లలకు బాప్తిస్మం ఇప్పించింది. 1953లో కోర్టు మేనత్త పక్షాన తీర్పిస్తే, కొందరు ఫాదర్లు, సిస్టర్లు కలిసి పిల్లల్ని స్పెయిన్‌కు దాటించారు. దేశమంతా అట్టుడికింది. చివరికి ఆ ఏడాది జూన్‌లో పిల్లలు తిరిగొచ్చారు, జూలైలో మేనత్త దగ్గరికి ఇజ్రాయెల్ వెళ్లారు. ఆమె వాళ్లను ప్రేమించలేదని ఎవరూ అనలేరు. కానీ ఆ ప్రేమ వాళ్లను వాళ్లుగా ఉండనివ్వలేదు.

కైల్సన్ చెప్పింది

ఈ విషయాన్ని శాస్త్రీయంగా తేల్చినవాడు హన్స్ కైల్సన్. జర్మనీ నుంచి నెదర్లాండ్స్‌కు పారిపోయి, తనూ దొంగపేరుతో దాక్కుని బతికిన యూదు డాక్టరు. ఆయన తల్లిదండ్రులు ఆష్విట్జ్‌లో చనిపోయారు. యుద్ధం తర్వాత ఆయన యూదు అనాథల కోసం పనిచేశాడు. వాళ్లలో 204 మందిని ఏళ్ల తరబడి పరిశీలించి 1979లో, డెబ్భై ఏళ్ల వయసులో, తన సిద్ధాంత గ్రంథం ప్రచురించాడు. పిల్లల బాధను ఆయన మూడు దశలుగా చూశాడు. ఒకటి, ఆక్రమణ, అవమానాలు, భయం. రెండు, తల్లిదండ్రుల నుంచి విడిపోవటం, దాక్కోవటం లేదా శిబిరం. మూడు, యుద్ధం తర్వాతి కాలం.

యుద్ధం ముగిసిందంటే బాధ ముగిసినట్టే అని లోకం అనుకుంది. కైల్సన్‌కు కనపడింది వేరు. రెండో దశ ఘోరంగా గడిచినా, మూడో దశలో మంచి ఆదరణ దొరికిన పిల్లలు, పెద్దయ్యాక మెరుగ్గా ఉన్నారు. రెండో దశ కాస్త నయంగా గడిచి, మూడో దశలో నిరాదరణకు గురైనవాళ్లు ఎక్కువ దెబ్బతిన్నారు. అంటే గాయం మానుతుందా, ముదురుతుందా అనేది చాలావరకు తర్వాతి సమాజం చేతుల్లోనే ఉంది.

ఆ సమాజం చేసిందేమిటి? “మీరు చిన్నపిల్లలు, మీకేం గుర్తుంటుంది? మీరు శిబిరంలో లేరు కదా, అదృష్టవంతులు” అంది. ఆ మాటతో వాళ్లు నోరు మూసుకున్నారు. 1991 మేలో న్యూయార్క్‌లో దాచిన పిల్లలు మొదటిసారి పెద్దఎత్తున కలుసుకున్నారు. సుమారు 1,600 మంది వచ్చారు. అప్పటికి వాళ్లు యాభై, అరవై ఏళ్ల మనుషులు. బాల్యంలో పడిన బాధను విడిగా గుర్తించి ఒక్కొక్కరికి 2,500 యూరోలు ఇవ్వటానికి జర్మనీ ఒప్పుకున్నది 2014లో.

మనకెందుకు?

పోలిక తెచ్చేటప్పుడు జాగ్రత్త కావాలి. నాజీలు ఒక జనాన్ని కొద్ది ఏళ్లలో తుడిచిపెట్టాలని చూశారు. కులం అట్లా చేయదు. మన చాకిరీ దానికి కావాలి కాబట్టి మనల్ని ఊరిబయట బతకనిచ్చి తరతరాలు తొక్కిపెడుతుంది. రెండూ ఒకటే అంటే రెండింటికీ అన్యాయం చేసినట్టే. కానీ ఈ సంబంధం మనం కొత్తగా కల్పించింది కాదు. 1989లో అచ్చయిన అంబేద్కర్ రాతప్రతి ఒకటి అంటరానివాళ్లను పేరులోనే ‘భారత ఘెట్టో బిడ్డలు’ అని పిలిచింది. ఆయన కూడా ఒకసారి పేరు దాచవలసి వచ్చింది. విదేశాల్లో చదువుకుని బరోడా ఉద్యోగానికి వచ్చినప్పుడు ఇల్లు దొరక్క, పార్సీ పేరు రాయించుకుని పార్సీల సత్రంలో దిగాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. మన పేటల్లో చర్చి రిజిస్టర్లో ఒక పేరు, బడి సర్టిఫికెట్లో ఇంకో పేరు ఎందుకుంటుందో కూడా మనకు తెలుసు. మతం మారితే ఎస్సీ కాదన్న 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎంతమందితో రెండు పేర్లు మోయించిందో లెక్కలేదు.

అందుకని ఆ పిల్లల కథను జాలికథగా చదవకూడదు. బడిలో సీటు, హాస్టల్లో మంచం, ఆఫీసులో కుర్చీ ఇచ్చి, “ఇక నీ సంగతి ఎత్తకు” అనటం కైల్సన్ చెప్పిన మూడో దశే. లోపలికి వచ్చినవాడు తన పేరుతో, తన పేట పేరుతో నిలబడగలిగినప్పుడే ఆ పని పూర్తయినట్టు. సెండ్లర్ సీసాల్లో పాతిపెట్టిన కాగితాల అర్థం అదే. పాఠం చెప్పే టీచర్లు, హాస్టళ్లలో పనిచేసే కార్యకర్తలు, మన పెద్దల కథలు రాసుకుంటున్న విద్యార్థులు ముందు అడగవలసింది కూడా అదే: నువ్వు ఎవరివని చెప్పుకుని బతకాల్సి వచ్చింది? నీ అసలు పేరేమిటి?