మల్లన్న దారిలో మందితో నడక

ఉగాది సమీపిస్తున్నదనగానే బళ్లారి, రాయచూరు సీమలలోని పల్లెల నుండి భక్తబృందాలు శ్రీశైలానికి కాలినడకన బయలుదేరుతాయి. కన్నడ భక్తులకు భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. సరిహద్దు పల్లెలలోని తెలుగు కుటుంబాలూ వీరితో కలిసి నడవడం వాడుక. కొందరు మరగాళ్లపై నడుస్తారు, కొందరు పాదరక్షలు వదలి మొక్కు తీర్చుకుంటారు. భక్తి ఎంతటిదైనా ఫాల్గుణమాసపు ఎండ ఎవరినీ మినహాయించదు.

దారిలో మొదటి ప్రమాదం అడవి కాదు, తారురోడ్డు. రోడ్డుకు కుడి అంచున, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించే విధంగా, ఒకరి వెనుక ఒకరుగా నడవాలి. పాటల ఉత్సాహంలో నలుగురైదుగురు వరుసగా రోడ్డంతా పరచుకొని నడవడం చూస్తూనే ఉంటాము. చీకటి పడిన తరువాత లారీ డ్రైవరుకు కాషాయ వస్త్రం కనిపించదు. తెల్లని వస్త్రం, చేతిలో టార్చిలైటు కనిపిస్తాయి. సామాను బండిని రోడ్డు మీద కాక పక్కకు దించి నిలపాలి.

బృందానికి ముందు ఒకరు, వెనుక ఒకరు అనుభవజ్ఞులు ఉండాలి. వెనుక ఉన్నవారిని దాటి ఎవరూ వెనుకబడరాదు. మజిలీ మజిలీకి తలలు లెక్కించడం పిల్లల బడి పద్ధతిలా తోచవచ్చును గాని, అడవిలో తప్పిపోయిన వారిని వెదకడం కంటె అది సులభం. నడక వేగాన్ని అందరికంటె నెమ్మదైనవారు నిర్ణయించాలి.

నడక తెల్లవారుజామున మొదలుపెట్టి, పదకొండు గంటలకెల్లా నీడకు చేరడం మేలు. దాహం వేయకపోయినా నీరు త్రాగుతుండాలి. ఓఆర్‌ఎస్ పొట్లం లేనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకొనవచ్చును. ఇక్కడ చెంచా అంటే చిన్న టీ చెంచాయే. ఎండలో నడిచేవారు తడబడి మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా అది అలసట కాదు, వడదెబ్బ. వెంటనే నీడలో పడుకోబెట్టి, ఒంటిపై నీరు చల్లి విసరుతూ 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు. కర్ణాటకలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ సంఖ్య ఒక్కటే.

మధుమేహం ఉన్నవారి సంగతి వేరుగా చెప్పవలసి ఉన్నది. వారిలో పలువురికి పాదాలలో స్పర్శ తగ్గి ఉంటుంది. ముల్లు దిగినా, బొబ్బ పుండైనా తెలియదు. వట్టి కాళ్ల మొక్కు వీరికి తగదు. ఇన్సులిన్ తీసుకొని ఉపవాసంతో నడిస్తే చక్కెర పడిపోయి సొమ్మసిల్లుతారు. బయలుదేరకముందే వైద్యుని అడగాలి, జేబులో బెల్లమో చక్కెరో ఉంచుకొనాలి.

ఆత్మకూరు దాటి వెంకటాపురం నుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా సాగేది నల్లమల అడవి బాట. అది పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతించిన రోజులలో, గుర్తించిన బాటలో, పగటిపూటనే నడవాలి. ఫోను అన్నిచోట్లా పనిచేయదు. ఆ కాలంలో ఆకులు రాలి ఎండి ఉంటాయి. ఒక్క బీడీ ముక్క కొండంతా అంటించగలదు. పాము కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం హానికరం. కరచిన అవయవాన్ని కదలనీయక, మనిషిని నడిపించక, విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి మోసుకొనిపోవడమొక్కటే మార్గం.

అడవిలోని చెరువు మనకు ఒక పూట మజిలీ. చెంచులకు, మృగాలకు వేసవి అంతటికీ నీరు. అందులో సబ్బుతో స్నానం చేయరాదు, కాలకృత్యాలకు నూరడుగులైనా దూరం పోవాలి. చెంచు గూడెంలో అడగనిదే ఫోటోలు తీయడం మర్యాద కాదు. ప్లాస్టిక్ పళ్లెములకు బదులు విస్తళ్లు వాడవచ్చును, సంచులు మాత్రం తిరిగి మోసుకొని రావలసిందే.

దారి పల్లెలలో కళ్లాలలో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. వాటి మీదుగా అడ్డదారి తీయరాదు. దాదాపు అదే సమయంలో రెండు రాష్ట్రాలలోనూ పదవ తరగతి పరీక్షలు జరుగుతాయి. బస చేసిన ఊరిలో రాత్రి తొమ్మిది తరువాత మైకు ఆపితే ఆ ఇంటి పిల్లలు చదువుకొంటారు, మరుసటి ఏడు ఆ ఇంటివారే పిలిచి మజ్జిగ పోస్తారు.