వాల్తేరు, వోల్టేరు

ఊళ్ల పేర్లనుగూర్చి శ్రోతలు మమ్మడుగు ప్రశ్నలలో ఒకటి తరచుగా వినవచ్చును. వాల్తేరునకు ఫ్రెంచి తత్త్వవేత్త వోల్టేరు పేరు పెట్టినారా? వాల్టరు అను ఆంగ్లేయుడెవరో ఈ పేరునకు మూలపురుషుడని నమ్మువారును కలరు. ప్రశ్న చిన్నదే. కాని దానికి చెప్పుకొను సమాధానమునుబట్టి ఒక ఊరి పేరు నిలుచుటయో, తొలగుటయో జరుగుచున్నది. కనుక కొంచెము నిదానముగా విచారింతము.

వోల్టేరు పక్షమున చెప్పదగినది లేకపోలేదు. ఉత్తర సర్కారులు 1753లో ఫ్రెంచివారి వశమైనవి. 1757లో బుస్సీ విశాఖపట్నములోని ఆంగ్లేయుల వర్తకస్థానమును పట్టుకొనెను. అప్పటికి వోల్టేరు జీవించియే యున్నాడు. 1773లో భారతదేశ వ్యవహారములపై ఒక గ్రంథమును గూడ ప్రకటించెను. కాలము కలిసినది, జాతి కలిసినది, ధ్వనియు కలిసినది. కథ యల్లుటకు ఇంతకంటె ఏమి కావలెను? కాని వోల్టేరు మన దేశమునకు ఎన్నడును రాలేదు. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమున ఓడిన ఫ్రెంచివారు ఈ సీమపై అధికారమును త్వరలోనే కోల్పోయిరి. పైగా వోల్టేరు అనునది ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. అసలు పేరు ఫ్రాన్స్వా మారీ అరూయే. 1718 ప్రాంతమున తానే పెట్టుకొన్న కలము పేరది.

ఇక ఊరివైపునుండి చూతము. నగరములో పెదవాల్తేరు, చినవాల్తేరు అని రెండు పేటలున్నవి. ఒకప్పుడవి పల్లెలు. ఒకే పేరుగల ఊళ్లను పెద్దది, చిన్నది అని విడదీసి పిలుచుట తెలుగువారి అలవాటు. దొరల పేర్లతో వెలసిన తావుల తీరు వేరు. లాసన్స్ బే, రాస్ హిల్, టర్నరు సత్రము అను పేర్లలో దొర పేరు వెంట అఖాతమో, కొండయో, సత్రమో తప్పక ఉన్నది. పెదలాసను, చినలాసను అని ఎవరును అనలేదు.

మరి ఈ భ్రాంతి ఎక్కడనుండి వచ్చినది? ఆంగ్లలిపినుండి. దొరలు వాల్తేరు మెరకపై బంగళాలు కట్టుకొని, ఆ పేరును తమ నోటికి అనుకూలమైనట్లు వ్రాసికొనిరి. చివరనున్న ‘ఏరు’ వారి వ్రాతలో ‘ఎయిర్’ అయినది. గోదావరి సీమలోని మార్టేరును ‘మార్టెయిర్’ అని వ్రాసియుండినచో, దానికిని ఒక ఫ్రెంచి ప్రభువును వెదకియుందుము.

ఇట్టి పోలిక విశాఖపట్నము పేరులోను కలదు. బుద్ధుని శిష్యురాలగు విశాఖ శ్రావస్తిలో పూర్వారామ విహారమును కట్టించి యిచ్చిన మహాదాత్రి. బావికొండ, తొట్లకొండలపై బౌద్ధవిహారముల శిథిలములున్నవి గనుక, నగరము ఆమె పేరు ధరించినదని తలచుట సులభము. కాని ఆమె కథ అంగదేశమున మొదలై సాకేత, శ్రావస్తి నగరములలో నడచినది. ఇచ్చటివారు తరతరములుగా చెప్పుకొనునది, సముద్రగర్భమున కలిసిన వైశాఖేశ్వరుని ఆలయమునుగూర్చి. విశాఖ మొదట నక్షత్రము. ఆ నక్షత్రము పేరు మనుష్యులకును, దేవతలకును వచ్చినది. ఒకే తాతకు మనుమలైనంత మాత్రమున ఇద్దరు తండ్రీకొడుకులు కారు గదా!

ఒక్కొక్కప్పుడు సంబంధము నిజమే యగును గాని వరుస తారుమారగును. కృష్ణాజిల్లాలో గురజాడ అను గ్రామము కలదు. మహాకవి అప్పారావుగారి గౌరవార్థము ఆ పేరు పెట్టిరనుకొన్న పొరపాటు. తెలుగువారి ఇంటిపేర్లలో అనేకము ఊళ్లనుండి వచ్చినవే. ఊరు ముందు, వంశము తరువాత, కీర్తి ఆ తరువాత. అమెరికా రాజధానికి వాషింగ్టను అధ్యక్షుని పేరు పెట్టినమాట నిజము. కాని ఆయన ఇంటిపేరు ఇంగ్లండులోని వాషింగ్టన్ అను ఊరినుండి వచ్చినది.

ఈ విచారణ కాలక్షేపమునకు మాత్రమే కాదు. 1926లో బెజవాడలో స్థాపింపబడి, 1930లో ఇచ్చటికి తరలివచ్చిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చిరునామాలో వాల్తేరు చాలకాలమున్నది. రైల్వేస్టేషను పేరు 1987లో విశాఖపట్నముగా మారినది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గము వాల్తేరు రైల్వే డివిజనును కుదించి, విశాఖపట్నం డివిజనుగా పేరు మార్చుటకు ఆమోదించినది. వాల్తేరు అనునది వలసపాలనపు వారసత్వమనియు, మార్పదగినదనియు కారణము చెప్పబడినది. డివిజనుకు నగరము పేరుండుట సమంజసమే. కాని ఇందులో పరాయిది ఆంగ్లపు వర్ణక్రమము మాత్రమే, పేరు కాదు. 2023లో విడుదలయైన ‘వాల్తేరు వీరయ్య’ చిత్రమును చూచినవారెవరును వీరయ్యను పరాయివానిగా తలచియుండరు.

కావున ఏ ఊరికైనను ఒక ప్రసిద్ధుని పేరు అంటగట్టుటకు ముందు రెండు సంగతులు విచారింపవలెను. ఊరు ముందా, మనిషి ముందా? ఆ ఊరివారు తమలో తాము ఆ పేరును ఎట్లు పలుకుదురు? మీ గ్రామమునుగూర్చి మీ ఇంటి పెద్దలను ఈ రెండు ప్రశ్నలు అడిగి, వారు చెప్పినది వ్రాసి ఉంచుడు. వారి తరువాత అడుగుటకు మరియొకరు ఉండరు.