చక్కెరలేని మామిడి సరుకు: మెదడు గడ్డల భయంలో నిజమెంత?

నూజివీడు ప్రాంతపు రసాలు, బంగినపల్లి పండుగా అమ్ముడుపోయే సరుకు. కలెక్టరు కాయకు మాత్రం గుజ్జు ఫ్యాక్టరీల కొనుగోలే పెద్ద దన్ను. ఆ గుజ్జుతో తయారయ్యే పానీయాలు, జాములలో చక్కెర బదులు వేరే తీపి కలిపినవీ వుంటాయి. ఆ తీపి వల్ల మెదడులో గడ్డలు వస్తాయన్న ప్రచారం గిరాకీకి సంబంధించినది గనుక రైతులు, వర్తకులు అసలు సంగతి తెలుసుకోవడం మంచిది.

మెదడు గడ్డల అనుమానం వచ్చినది ఆస్పర్టేమ్ మీద. అమెరికాలో ఈ గడ్డలు పెరగడానికి అది కారణం కావచ్చునని 1996లో అక్కడి శాస్త్రజ్ఞులు కొందరు రాశారు. అయితే ఆస్పర్టేమ్ అక్కడి మార్కెట్లోకి వచ్చింది 1981లో. పెరుగుదల అంతకు ముందే మొదలయిందని ఇతరులు ఎత్తిచూపారు. 2006లో వెలువడిన, 4 లక్షల 70 వేల మందికి పైగా పరిశీలించిన అధ్యయనంలో సంబంధం కనిపించలేదు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీనిని ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న జాబితాలో చేర్చింది గాని, అందుకు ప్రధానంగా చూపినది కాలేయ క్యాన్సర్. రోజుకు శరీర బరువు కిలోకు 40 మిల్లీగ్రాముల పరిమితి మారలేదు.

సార్బిటాల్, జైలిటాల్, ఎరిత్రిటాల్ వేరే జాతి. వీటిని షుగర్ ఆల్కహాల్స్ అంటారు. పేరేగాని మత్తు లేదు. రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువగా వున్నవారికి గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా వచ్చినట్లు 2023లో ఒక అమెరికా పరిశోధన తెలిపింది. అదే కారణమని రుజువు కాలేదు. 2025లో మరొకటి, మెదడు రక్తనాళాల కణాలకు దానివల్ల చెరుపు జరగవచ్చునన్నది. అది ప్రయోగశాలలో కణాలపై జరిగిన పరీక్ష. రెండింటిలోనూ గడ్డల ప్రసక్తి లేదు.

కనుక గడ్డల భయానికి ఆధారం బలహీనం. రక్తనాళాల విషయంలో జాగ్రత్త సబబే.

కొనేవారు సీసా మీద ఏ తీపి కలిపారో చదవాలి. ‘చక్కెర కలపలేదు’ అన్న మాటకు చక్కెర లేదని అర్థం కాదు. పండిన మామిడి గుజ్జులో వంద గ్రాములకు సుమారు 14 గ్రాముల సహజ చక్కెర వుంటుంది. షుగరు వ్యాధి వున్నవారికి ఆ లెక్క ముఖ్యం. దానిని దాచకుండా చెప్పి అమ్మిన సరుకుకే నమ్మకం నిలుస్తుంది.