కొన్ని గంటల్లోనే నెల వాన: రుతుపవనాల కాలంలో కుండపోత ఎందుకు?

దక్షిణ ఢిల్లీలో ఐఐటీకి, జేఎన్‌యూకి దగ్గర్లో ఉన్న కటవారియా సరాయ్‌లో పోటీ పరీక్షలకు చదువుకునే విద్యార్థులు ఎక్కువ. ఇరుకు సందులు, కిక్కిరిసిన అద్దె గదులు. ఇలాంటి చోట సీజన్ మొత్తంలో ఎంత వాన పడిందన్న దానికన్నా, గంటలో ఎంత పడిందన్నదే ముఖ్యం.

2024 జూన్ 28 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో సఫ్దర్‌జంగ్ కేంద్రంలో 228.1 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. జూన్ నెల మొత్తానికి ఢిల్లీ సగటు 74.1 మిల్లీమీటర్లే. అందులో ఎక్కువ భాగం తెల్లవారుజామున కొన్ని గంటల్లోనే కురిసింది.

మూడూ కలిస్తేనే

రుతుపవనాలు వచ్చినంత మాత్రాన కుండపోత కురవదు. మొదట గాలిలో తేమ కావాలి. బంగాళాఖాతం, అరేబియా సముద్రం నుంచి వీచే గాలులు దాన్ని మోసుకొస్తాయి.

రెండోది, ఆ గాలిని పైకి లేపే శక్తి. రాజస్థాన్‌లోని శ్రీగంగానగర్ నుంచి బంగాళాఖాతం దాకా సాగే అల్పపీడన ప్రాంతమే రుతుపవన ద్రోణి. అది ఢిల్లీకి చేరువైనప్పుడు గాలులు అక్కడ కలిసి పైకి లేస్తాయి. పైకెళ్లిన ఆవిరి చల్లబడి నీరవుతూ వేడిని విడుదల చేస్తుంది. ఆ వేడి గాలిని ఇంకా పైకి నెడుతుంది. మేఘం తనను తానే పెంచుకుంటుంది.

మూడోది, ఆ మేఘాలు కదలకపోవడం, లేదా ఒకదాని వెనుక ఒకటిగా అదే చోటికి రావడం.

పైకి లేపే శక్తి ప్రతిసారీ ఒకటే కాదు. 2023 జులైలో ఢిల్లీలో ఒక్కరోజే 153 మిల్లీమీటర్లు కురిసినప్పుడు, పడమటి నుంచి వచ్చిన వెస్టర్న్ డిస్టర్బెన్స్ రుతుపవన గాలులతో కలిసింది. 2024 సెప్టెంబర్ 1న విజయవాడ మునిగినప్పుడు కారణం కళింగపట్నం సమీపంలో తీరం దాటిన వాయుగుండం.

పైగా, ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గాలి దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు.

ముందే తెలుస్తుందా?

ద్రోణి, వాయుగుండం కదలికలు కొన్ని రోజుల ముందే తెలుస్తాయి. ఏ కాలనీపై కుండపోత పడుతుందో మాత్రం డాప్లర్ రాడార్ చూసి కొద్ది గంటల ముందే చెప్పగలరు. కానీ సెల్లార్‌లోకి నీళ్లు రావడానికి నిమిషాలు చాలు. 2024 జులై 27న ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోని లైబ్రరీలో ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయింది అలాగే. అందుకే రెడ్ అలర్ట్ ఉన్న రోజు వాన మొదలయ్యేదాకా ఆగకుండా, ముందే సెల్లార్లను ఖాళీ చేయడం అవసరం.