అడినాయిడ్ల తొలగింపు

నోరు తెరచి నిద్రించుచు, గురక పెట్టుచు, తరచు చెవిపోటని ఏడ్చు పిల్లలను మనము చూచుచునే ఉందుము. వారిలో కొందరికి ముక్కు వెనుక, మెత్తని అంగిలికి పైన, అడినాయిడ్ అను కణజాలము పెరిగి ఉండును. నోరు తెరచి చూచినను ఇది కనబడదు. టాన్సిల్స్ వలెనే ఇదియు సూక్ష్మజీవులతో పోరాడునట్టిదే. చిన్నతనమున పెరిగి, యౌవనము వచ్చుసరికి సాధారణముగా కుంచించుకొనిపోవును. కనుక పెరిగిన ప్రతి అడినాయిడును కోయనక్కరలేదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చుచున్నప్పుడు, మధ్యచెవిలో నీరు చేరి వినికిడి తగ్గినప్పుడు శస్త్రచికిత్సను గూర్చి ఆలోచింతురు.

1868లో కోపెన్‌హేగన్ వైద్యుడు విల్‌హెల్మ్ మేయర్ ఈ వ్యాధిని వివరించెను. ఉంగరము వంటి కత్తిని ముక్కుగుండా పంపి ఆయన దీనిని గీకి తీసెడివాడు. తరువాత నోటిగుండా పంపు క్యూరెట్ వచ్చినది. ఇది నేటికిని వాడుకలో ఉన్నది. పని త్వరగా ముగియును, ఖర్చును తక్కువే. కాని చేయి కంటికి కనబడని చోట పనిచేయవలెను. పైమూలలో కొంత మిగిలిపోవచ్చును. ప్రక్కనే చెవికి పోవు గొట్టపు మూతి గాయపడవచ్చును. అందుచేత నేడు పలువురు అద్దముతోనో, ఎండోస్కోపుతోనో చూచుచు తొలగింతురు. విద్యుత్తు వేడితో కరిగించి పీల్చుట ఒక పద్ధతి. తిరుగు బ్లేడుతో కొద్దికొద్దిగా కొరికి పీల్చునది మైక్రోడిబ్రైడర్. ఉప్పునీటి గుండా విద్యుత్తును పంపి తక్కువ వేడితో పనిచేయునది కోబ్లేషన్.

పరికరము ఏదైనను, ముందు చూడవలసినది అంగిలి. మాటలాడునప్పుడు, మ్రింగునప్పుడు మెత్తని అంగిలి పైకి లేచి ముక్కుదారిని మూయును. చిన్నపిల్లలలో అడినాయిడ్ ఈ మూతకు ఆనుడుగా ఉండును. కొండనాలుక రెండుగా చీలి ఉన్నచో, పైపొర క్రింద అంగిలి కండరములు కలియక ఉండవచ్చును. అట్టి బిడ్డకు అడినాయిడును పూర్తిగా తీసినచో మాట ముక్కుతో వచ్చును, త్రాగిన పాలు ముక్కునుండి కారును. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడెనను సామెత ఇచట నిజమగును! అట్టివారికి పైభాగము మాత్రమే తీసి, క్రిందిది వదలుదురు. డౌన్ సిండ్రోమ్ గల పిల్లలకు మెడ ఎముకల కట్లు వదులుగా ఉండవచ్చును గనుక తలను వెనుకకు వంచుటలో జాగ్రత్త అవసరము.

రక్తస్రావము అరుదు, వచ్చినచో చాలవరకు మొదటి 24 గంటలలోనే. పన్ను ఊడినప్పుడు నెత్తురు ఆగలేదా, వంశములో రక్తము గడ్డకట్టని జబ్బు కలదా, ఆస్పిరిన్ వాడుచున్నారా అని వైద్యుడు అడిగినచో దాచక చెప్పవలెను. మత్తునుండి లేపుటకు ముందు అంగిలి వెనుక రక్తపు గడ్డ లేదని చూతురు. అది శ్వాసనాళములోనికి జారినచో ప్రాణాపాయము.

ఇంటికి వచ్చిన పిమ్మట కొద్దిరోజులు నోటి దుర్వాసన, కొంత ముక్కుమాట సహజమే. కాని నెత్తురు బయటికి కనబడకయే లోనికి పోవచ్చును. నిద్రలో బిడ్డ మాటిమాటికి గుటకలు వేయుచున్నను, నెత్తురు వాంతి అయినను, మెడ ఒకప్రక్కకు బిగిసిపోయినను, తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.