బ్యాటరీకీ ఒక లాక్టోమీటరు ఉంది

తెల్లవారుజామున పాల వ్యాను స్టార్టు కాకపోతే ఆ నష్టం డ్రైవరు ఒక్కడిది కాదు. రూటులోని ఊళ్ళన్నింటిలో క్యాన్లు ఎండెక్కేదాకా నిలిచిపోతాయి. శీతలీకరణ కేంద్రానికి చేరేసరికి పాలు పులిసిపోతాయి. ఇలా బండి మొరాయించడానికి తరచు కారణం బ్యాటరీలో చార్జి లేకపోవడమే. దానిని ముందు రోజు సాయంత్రమే తెలుసుకోవచ్చు.

హారన్ మోగింది, లైటు వెలిగింది కాబట్టి బ్యాటరీ బాగుందనుకోవడం పొరపాటు. లైటుకు కొద్దిపాటి కరెంటు చాలు. ఇంజను తిప్పే సెల్ఫ్ మోటారుకు దానికి ఎన్నో రెట్లు కావాలి. వైరు తాకించి నిప్పురవ్వ చూసే పద్ధతి మరీ చెడ్డది. చార్జింగు అవుతున్నప్పుడు బ్యాటరీ నుండి మండే వాయువు వెలువడుతుంది. ఒక్క రవ్వతో అది పేలవచ్చు. బీడీ కూడా దరికి రానీయరాదు.

సరైన సాధనం హైడ్రోమీటరు. పాలు పోసే సభ్యులకు దీని సంగతి వేరే చెప్పనక్కరలేదు. నీళ్ళు కలిసిన పాలలో లాక్టోమీటరు ఎక్కువగా మునుగుతుంది కదా! బ్యాటరీ దిగిపోయేకొద్దీ యాసిడ్‌లోని గంధకికామ్లం సీసపు ప్లేట్లకు పట్టి, మిగిలినది నీళ్ళలా పలచనవుతుంది. అందులోనూ బుడ్డి అలాగే మునుగుతుంది. అయితే సంఘంలోని లాక్టోమీటరునే యాసిడ్‌లో ముంచబోయేరు! దాని అంకెలు అంతదాకా పోవు, పైగా తరువాత దానిని పాలలో పెడితే ప్రమాదం.

రబ్బరు బుడ్డి నొక్కి యాసిడ్‌ను పైకి లాగి, గొట్టం నిలువుగా పట్టుకొని, కంటికి ఎదురుగా అంకె చూడాలి. ఆ యాసిడ్‌ను తిరిగి అదే గదిలో పోయాలి. సాధారణంగా 1265 ఉంటే నిండు చార్జి, 1225 ముప్పాతిక, 1190 సగం, 1120 ఉంటే ఖాళీ. వేడి ప్రాంతాలకని కొందరు తయారీదారులు పలచని యాసిడ్ పోస్తారు. అటువంటి దానికి 1240 కూడా నిండు చార్జియే కావచ్చు. కనుక బ్యాటరీతో ఇచ్చిన కాగితం చూడాలి. పాలలో మాదిరే ఇక్కడా వేడికి అంకె తగ్గుతుంది: 10 డిగ్రీలకు సుమారు 7 పాయింట్లు. డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే చూస్తే అంకె తప్పు వస్తుంది. బండి కొంతసేపు నడిచి, నీరు కలిసిన తరువాత చూడాలి.

ఆరు గదులూ చూడటం ముఖ్యం. ఒక గది మిగిలినవాటికంటే 50 పాయింట్లు తక్కువుంటే ఆ గది చెడినట్లే. ఎంత చార్జి చేయించినా డబ్బు దండుగ. అన్నీ సమానంగా తగ్గి 1225 కు దిగువనుంటే వెంటనే చార్జింగుకు పంపాలి. రోజుల తరబడి వదిలేస్తే ప్లేట్లు గట్టిపడి తరువాత చార్జి పట్టవు.

మూత తీయ వీలులేని బ్యాటరీలకు వోల్టు మీటరే దిక్కు. బండి ఆపి రాత్రంతా ఉంచి ఉదయం చూడాలి. 12.6 పైన నిండు, 12.2 సగం, 12 కు దిగువ దాదాపు ఖాళీ. తేడాలు ఇంత స్వల్పం కాబట్టి ముల్లు మీటరు కన్నా అంకెల మీటరు నయం. నిండుగా ఉన్న బ్యాటరీ సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే పడిపోతే దాని బలం అయిపోయినట్లే.

యాసిడ్ కంట పడితే పావుగంట సేపు మంచినీళ్ళతో కడిగి డాక్టరు వద్దకు వెళ్ళాలి. పాడైన బ్యాటరీని పశువుల కొట్టంలో పడవేయవద్దు. పగిలిన ప్లేట్లను పశువులు నాకుతాయి. ఆ సీసపు విషానికి పాడి పశువులు చనిపోతాయి. పాత బ్యాటరీని కొత్తది కొన్న దుకాణంలోనే ఇచ్చివేయాలి.