అద్దాల తొట్టెలో సిక్లిడ్‌లు... నెల రోజుల ఓపికే అసలు పెట్టుబడి

పలాస: పిల్లల ముచ్చట తీర్చేందుకు కొని తెచ్చిన రంగుల చేపలు వారం తిరగకుండానే వెల్లకిలా తేలిపోవడం కొత్తగా అక్వేరియం పెట్టిన ఇళ్లలో తరచూ కనిపించేదే. జబ్బు చేపను అంటగట్టారని దుకాణదారును నిందిస్తారు. నిజానికి చాలా సందర్భాల్లో లోపం చేపలో కాదు, తొట్టెలోని నీటిలో ఉంటుంది. తాగునీటి కోసం ఏళ్ల తరబడి ఆందోళన చెందిన ఉద్దానం ప్రజలకు నీటి గుణం గురించి ప్రత్యేకంగా చెప్పవలసిన పని లేదు.

సిక్లిడ్ అన్న పేరు కొత్తగా వినిపించినా చేప మనకు పాతదే. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా ఈ కుటుంబానిదే. చిలికా సరస్సులో దొరికే, కేరళ 2010లో రాష్ట్ర చేపగా ప్రకటించిన కరిమీన్ కూడా ఇదే జాతి. దుకాణాల్లో కనిపించే ఏంజెల్, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ వీటి బంధువులే. గుడ్లనూ పిల్లలనూ కంటికి రెప్పలా కాచుకోవడం ఈ చేపల ప్రత్యేకత. ఆఫ్రికాలోని మలావి సరస్సు జాతుల్లో అనేకం గుడ్లను దాదాపు మూడు వారాలు నోటిలోనే దాచుకుంటాయి. ఆ రోజుల్లో తల్లి మేత దాదాపుగా ముట్టదు. అది జబ్బనుకొని మందులు పోయరాదు. మమకారం ఎంతో కోపమూ అంతే. తన చోటులోకి వచ్చిన మరో చేపను తరిమి తరిమి కొడుతుంది.

అందుకే ఎంపికలో జాగ్రత్త అవసరం. అదృష్టం తెస్తుందని చెప్పి అమ్మే ఫ్లవర్‌హార్న్ పిల్లగా ఉన్నప్పుడు రెండంగుళాలే. పెరిగితే అడుగు పొడవు అవుతుంది. దానికి ఒక్కదానికే 200 లీటర్లకు పైబడిన తొట్టె కావాలి. ఇరుకు తొట్టెలో ఆ చేపకే అదృష్టం లేనప్పుడు ఇంటివారికి ఎక్కడి నుంచి తెస్తుంది? కొత్తవారికి నలుపు చారల కాన్విక్ట్ జంట గానీ, నాలుగైదు చిన్న ఏంజెల్ చేపలు గానీ మేలు. ఈ రెండు రకాలనూ ఒకే తొట్టెలో కలపరాదు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు గల తొట్టె సుమారు 100 లీటర్లు పడుతుంది. నీటి బరువే క్వింటాలు కనుక గట్టి బల్ల ఉండాలి.

గత్తం మాగినట్టే నీరూ మాగాలి

పచ్చి పేడ వేస్తే మొక్క మాడుతుందని, మాగిన గత్తమే బలమని రైతుకు తెలుసు. తొట్టెలోనూ అదే సూత్రం. చేప విసర్జించేదీ, మిగిలిపోయిన మేతా అమ్మోనియాగా మారతాయి. అది చేప మొప్పలను కాల్చేస్తుంది. ఒక రకం బాక్టీరియా దానిని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. మరో రకం బాక్టీరియా ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో, ఇసుకలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపలు లేకుండానే ఫిల్టరు నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండాలి. పరీక్ష కిట్టులో అమ్మోనియా, నైట్రైట్ పెరిగి, తిరిగి రెండూ సున్నాకు వచ్చినప్పుడే చేపను తేవాలి. అప్పటికే చేపలు వేసేసినవారు నీటిని తరచుగా కొంత కొంత మార్చడంతో పాటు లీటరుకు ఒక గ్రాము చొప్పున అయోడిన్ కలపని కల్లుప్పు వేస్తే నైట్రైట్ ప్రభావం తగ్గుతుంది. నౌపడా ఉప్పుమడుల చెంత ఉన్నవారికి అది కొదవ కాదు.

ఏ నీరు పోయాలన్నది తరువాతి ప్రశ్న. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది; వెడల్పు పాత్రలో ఒక రోజు ఉంచి వాడాలి. తీర గ్రామాల బోరు నీరు నాలుకకు ఉప్పగా తగిలితే పనికిరాదు. ఉప్పదనం లేని గట్టి నీటిని మలావి జాతులు ఇష్టపడతాయి. క్యానుల్లో వచ్చే ఆర్వో నీటిలో ఖనిజాలు దాదాపు ఉండవు కనుక అది మనకు శుద్ధమైనదే అయినా, ఒక్కటే పోస్తే నీటి ఆమ్ల, క్షార గుణం నిలకడగా ఉండదు. సాధారణ నీటితో కలిపి వాడాలి. వారానికోసారి నాలుగో వంతు నీరు మారిస్తే చాలు. స్పాంజిని కుళాయి కింద కడిగితే క్లోరిన్ తగిలి బాక్టీరియా చస్తుంది. తొట్టె నుంచి తీసిన నీటిలోనే పిండాలి.

అలంకరణకు డబ్బు పోయనక్కర లేదు. టెక్కలి గ్రానైటు ముక్కలు నీటి గుణాన్ని మార్చవు. తెలియని రాయిపై వెనిగర్ చుక్క వేసి చూడాలి; నురుగు వస్తే అందులో సున్నం ఉన్నట్టు. పీచు, కొబ్బరి పూర్తిగా గీకి, ఉడికించి, నానబెట్టిన కొబ్బరి చిప్పను బోర్లించి అంచున దారి చేస్తే కాన్విక్ట్ జంట దాని కింద గుడ్లు పెడుతుంది.

కరెంటు లేని రోజుల మాట మరువరాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు ఉద్దానం గ్రామాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అటువంటప్పుడు మేత ఆపివేయాలి. ఎదిగిన చేప వారం రోజులు తిండి లేకున్నా తట్టుకుంటుంది గానీ ప్రాణవాయువు లేకుంటే నిలవదు. బ్యాటరీ ఎయిర్ పంపు దగ్గర ఉంచుకోవాలి. లేదంటే చెంబుతో నీరు తీసి ఎత్తు నుంచి తిరిగి పోస్తుండాలి. ఎండాకాలంలో నీరు వేడెక్కినా ప్రాణవాయువు తగ్గుతుంది.

పెంచలేక విసిగినవారు చేపలను ఊరి చెరువులో వదలడం పెద్ద తప్పు. అక్వేరియంల నుంచి బయటపడిన సక్కర్ చేప రాష్ట్రంలో అనేక జలాశయాల్లో వ్యాపించి మత్స్యకారులకు తలనొప్పిగా మారింది. తేలినీలాపురానికి వలస వచ్చే పక్షులకూ, ఇక్కడి మత్స్యకారులకూ స్థానిక చేపలే ఆధారం. అక్కరలేని సిక్లిడ్‌ను తిరిగి దుకాణానికి ఇవ్వాలి, లేదా పెద్ద తొట్టె ఉన్నవారికి అప్పగించాలి.